పదకొండు గంటల గరిటె

మా బావ పోయిన రెండు వారాలకు హోటల్లోనే సంతాప సభ పెట్టారు. బల్లలు గోడకు జరిపి, కుర్చీలు వరసగా వేసి, గల్లా పక్కన ఆయన ఫోటో నిలబెట్టారు. మనిషెత్తు ఫోటో. ఒక చేతిలో గరిటె, రెండో అరచేతిలో కూర చుక్క, మూసిన కళ్లు, కాస్త పైకెత్తిన గడ్డం. కింద పెద్దక్షరాలతో "రుచి ఎరిగిన మనిషి" అని రాయించాడు మా మేనల్లుడు. దాని ముందు కాసేపు నిలబడ్డాను. ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. ఆ ఫోటో తీసిన రోజు అరచేతిలో ఉన్నది కూరైనా, గిన్నెలు కడిగిన నీళ్లైనా మా బావకు ఒకటే.

ఈ మాట ముప్పై ఒక్క ఏళ్లు కడుపులో పెట్టుకుని తిరిగాను. పోయినవాణ్ణి పట్టుకుని ఇప్పుడా మాట్లాడేది అని మీరనొచ్చు. అనండి. ఉన్నప్పుడు మాట్లాడనిస్తేగా.

నేను ఆయన భార్యకు తమ్ముణ్ణి, ఆ హోటల్లో వంటవాణ్ణి. ఊళ్లో నన్ను చప్పిడి అంటారు. అసలు పేరు ఓటరు కార్డు మీద భద్రంగా ఉంది, పిలిచేవాళ్లే లేరు. స్కూలు పిల్లలు కూడా "చప్పిడి మావయ్యా, ఇవాళైనా ఉప్పు వేశావా" అని అడిగి మరీ పోతారు. బావమరిదికి ఉప్పు అంచనా తెలియదు, బావ ఉండబట్టి ఆ హోటలు నడుస్తోంది అన్నది మా ఊళ్లో పుట్టిన ప్రతివాడికీ తెలిసిన సంగతి.

మా బావ కష్టపడి పైకొచ్చినవాడు. అందులో ఎవరు వంక పెట్టినా నేనే ముందు కొట్లాటకు దిగుతాను. తండ్రి లేడు, చదువు లేదు. బస్టాండు క్యాంటీనులో అంట్లు తోముతూ, సామాను గదిలో ఉల్లిపాయల బస్తాల మధ్య పడుకుంటూ పెరిగాడు. తోమడానికి వచ్చిన గిన్నెల అడుగున మిగిలింది వేలితో తీసి నాలుక మీద పెట్టుకుని, ఇవాళ మసాలా మాడింది, ఇవాళ ఉల్లిపాయ సగమే వేగింది అని చెప్పేవాడట. అక్కడి వంటమనిషి మొదట చెంప పగలగొట్టాడు. రెండోసారీ కొట్టాడు. మూడోసారి కొట్టకుండా తను కూడా రుచి చూసి, తోమే పీట మీద నుంచి లేపి పొయ్యి దగ్గర నిలబెట్టాడు. అక్కడ నాలుగేళ్లు పనిచేసి సొంతానికి ఒక బండి కొన్నాడు. ఆ బండి మీద రొట్టె, మాంసం కూర అమ్ముతున్న రోజుల్లోనే మా అక్కను చేసుకున్నాడు.

మా అమ్మానాన్నా అప్పటికే లేరు. కాపురానికి వస్తూ మా అక్క ఒక ట్రంకు పెట్టెనూ, పంతొమ్మిదేళ్ల తమ్ముణ్ణీ వెంట తెచ్చుకుంది. పెట్టె మంచం కిందికి వెళ్లింది, నేను పొయ్యి దగ్గరికి వెళ్లాను. మా బావ ఒక్కనాడు కూడా ముఖం చిట్లించలేదు. ఉల్లిపాయ ఏ రంగు వస్తే దించాలో, మాంసం ముక్కను వేలితో నొక్కి ఉడికిందని ఎలా చెప్పాలో, అన్నీ పక్కన నిలబడి నేర్పాడు. తిట్టేవాడు, తిట్టిన నోటితోనే తినిపించేవాడు. నేను ఆయన్ని దేవుడిలా చూశానంటే అబద్ధం కాదు.

బండి తర్వాత బస్టాండు వెనక రేకుల షెడ్డు తీసుకున్నాడు. ఆరు బల్లలు. వంటగది ఎంత ఇరుకంటే, వంట అయ్యాక పెద్ద డేగిసాను లోపల ఉంచితే ఇద్దరం తిరగడానికి చోటుండేది కాదు. అందుకని దాన్ని మోసుకొచ్చి గల్లా పక్కన ఇనప స్టాండు మీద పెట్టేవాళ్లం. పదకొండుకు తలుపులు తీసేవాళ్లం, సరిగ్గా అప్పుడే మా బావ రుచి చూడటం. గరిటె ముంచి, అరచేతిలో ఒక్క చుక్క వేసుకుని, నాకి, కళ్లు మూసుకునేవాడు. లోపలికి వచ్చినవాళ్లు కూర్చోకుండా నిలబడి చూసేవాళ్లు. బాగుంటే తల ఊపేవాడు. లేకపోతే "ఉప్పు" అని చెయ్యి చాపి, నేను అందించిన డబ్బాలోంచి చిటికెడు తీసి తన చేత్తో వేసేవాడు. ఆ చిటికెడుతో కూర నిజంగానే మారిపోయేది. నేను రుచి చూసి సిగ్గుపడేవాణ్ణి. ఆరు నెలలు తిరిగేసరికి ఆ తంతు చూడటానికే పదకొండుకు ముందు వచ్చి కూర్చునేవాళ్లు తయారయ్యారు. ఆయనకు గరిటాయన అని పేరొచ్చింది. హోటలుకు పెట్టిన పేరు మర్చిపోయి, గరిటాయన హోటలు అనే అనేవాళ్లు.

మూడో ఏడు ఆయనకు జ్వరం వచ్చింది. ఇరవై రెండు రోజులు మంచం దిగలేదు. లేచి వచ్చేసరికి బుగ్గలు పీక్కుపోయి, చొక్కా కొయ్యకు తగిలించినట్టు వేలాడుతోంది. అయినా పదకొండుకు గరిటె పట్టుకున్నాడు. చుక్క నాలుక మీద వేసుకుని కళ్లు మూశాడు. ఎంతకీ తెరవడే. జనం అదేదో గొప్ప విషయమన్నట్టు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. చివరికి తల ఊపి, నెమ్మదిగా వంటగదిలోకి వచ్చి తలుపు వేశాడు. ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. ఆయన కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఉప్పు ఘాటుకేమో అనుకున్నాను.

"ఇసకలా ఉందిరా. ఏమీ తెలియట్లేదు" అన్నాడు.

జ్వరానికో, మందులకో నోరు చచ్చిపోయింది. డాక్టరు కొన్నాళ్లకు అదే వస్తుందన్నాడు. మేం నిమ్మకాయ పెట్టి చూశాం, పచ్చిమిరపకాయ కొరికించి చూశాం, కాకరకాయ రసం తాగించాం. మంట తెలిసేది, అంతే. ఆ రోజుల్లో మా బావ మీద నాకు కలిగిన జాలి ఇంతా అంతా కాదు. ఆ నాలుక ఒక్కటే ఆయన ఆస్తి. అంట్ల దగ్గర నుంచి లేపింది అదే. అది పోయిందని బయటపడితే గరిటాయన లేడు, హోటలు లేదు. అందుకే ఉపాయం చెప్పింది ఎవరో కాదు, నేనే. నా చెప్పుతో నన్ను కొట్టుకోవాలి.

నా భుజం మీద ఎప్పుడూ ఒక తువ్వాలు ఉంటుంది. ఏ వంటవాడికైనా ఉంటుంది. కూర సరిగ్గా ఉంటే తువ్వాలు భుజం మీదే ఉంటుంది, నువ్వు తల ఊపు. ఉప్పు తగ్గితే తువ్వాలు చేతిలోకి తీసుకుంటాను, నువ్వు ఉప్పు అడుగు. ఇదీ నేను చెప్పిన ఉపాయం. మా బావ నన్ను కౌగిలించుకున్నాడు. ఎవరికీ చెప్పనని మాట తీసుకున్నాడు, మరీ ముఖ్యంగా మీ అక్కకు చెప్పకు అన్నాడు. ఆడది మొగుణ్ణి చూసి జాలిపడే పరిస్థితి రాకూడదట.

ఒక నెల అంతా బాగానే జరిగింది. రోజూ తువ్వాలు భుజం మీదే, రోజూ తల ఊపడమే. అప్పుడు మా బావ నన్ను పక్కకు పిలిచి, ఇలా రోజూ తల ఊపుతుంటే చూసేవాళ్లకు ఉప్పొద్దూ అన్నాడు. తమాషాకు అంటున్నాడనుకున్నాను. కాదు. వారానికి రెండు రోజులు నేను కావాలని ఉప్పు తగ్గించాలట. ఎంత తగ్గిస్తానో ఆ చిటికెడు ఆయన అందరి ముందూ వేస్తాడట. బావ అడిగాక కాదంటామా? సరే అన్నాను. అలా వారానికి రెండు రోజులు చేతులారా వంట పాడుచేసి, దాన్ని ఆయన బాగుచేస్తుంటే పక్కన తల వంచుకుని నిలబడేవాణ్ణి. ఇనప సామాన్ల కొట్టు ఆయన ఒకరోజు బల్ల దగ్గర నుంచి, "ఏమయ్యా చప్పిడీ, మళ్లీనా" అని అరిచాడు. అందరూ నవ్వారు. మా బావ అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆ పేరు అక్కడే అతుక్కుపోయింది.

బావ బావమరిదిని ఆటపట్టిస్తే తప్పేముంది అని నేనూ నవ్వాను. పెళ్లయ్యాక ఆ నవ్వు తగ్గింది. మా ఆవిడ ఒకనాడు, ఇంట్లో ఇంత చక్కగా వండుతావు, అక్కడికి వెళ్తే నీ చేతికేమొస్తుంది అని అడిగింది. మొగుడి మీద ఊళ్లో ఇన్ని జోకులేమిటని ఆమె బాధ. తర్వాత మా పిల్లలు చప్పిడిగారి పిల్లలయ్యారు. పెద్దమ్మాయి స్కూలు నుంచి ఏడుస్తూ వచ్చి, నువ్వు ఇంకేదైనా పని చూసుకోవచ్చుగా నాన్నా అంది. ఆ రోజు మా బావ దగ్గరికి వెళ్లి చెప్పాను. నీ రహస్యం నాకొద్దు, బయటపెట్టను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నలుగురి ముందూ, వీడి చెయ్యి మంచిది, ఈ రుచి వీడిది అను. నా పిల్లలు వినేలా అను. అంతకంటే నేనేమీ అడగను అన్నాను.

"అంటానురా. సమయం రానీ" అన్నాడు.

ఆ సమయం వచ్చేసరికి ఆయన నోరు పోయి పన్నెండేళ్లయింది. అప్పటికి షెడ్డు పోయి, మెయిన్ రోడ్డు మీద రెండంతస్తుల భవనం వచ్చింది. కింద హోటలు, పైన వాళ్ల కాపురం. గోడలకు పలకలు, నేలకు నున్నటి రాళ్లు, వంటగదికీ హాలుకూ మధ్య వడ్డించే కిటికీ. ఇంత స్థలం ఉన్నా డేగిసా మాత్రం గల్లా పక్కకే వచ్చేది, ఆ ఇనప స్టాండు మీదికే. ఊరి బయట కొత్తగా ఒక ఫ్యాక్టరీ కట్టారు. నాలుగు వందల మందికి క్యాంటీను పెట్టాలి. దాని మేనేజరు ఇంకో ఆరుగురితో భోజనానికి వస్తున్నాడని కబురు వచ్చింది. నచ్చితే క్యాంటీను మాదే.

మా బావ ముందు రోజు సాయంత్రం నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. క్యాంటీను వస్తే అది నీది, నువ్వే చూసుకుంటావు, బోర్డు మీద నీ పేరే రాయిస్తాను. వాళ్లు తిన్నాక అందరి ముందూ నేనే లేచి, ఇవాళ మీరు తిన్నది మా బావమరిది చేతి వంట అని చెబుతాను అన్నాడు. ఇంటికి వెళ్లి మా ఆవిడతో చెప్పాను. రేపు పిల్లలకు మంచి బట్టలు వేసి తీసుకురా అన్నాను. వాళ్లు వచ్చి మూల బల్ల దగ్గర కూర్చున్నారు.

ఆ రోజు కూర గురించి నేను చెప్పకూడదు, డబ్బా కొట్టుకున్నట్టుంటుంది. అయినా చెబుతాను. అలాంటి కూర నా జన్మలో మళ్లీ కుదరలేదు. అది తగ్గించి వండే రోజు కాదు. ఉప్పు గీత గీసినట్టు సరిపోయింది. డేగిసా తెచ్చి స్టాండు మీద పెట్టి, తువ్వాలు భుజం మీద సర్దుకుని నిలబడ్డాను. మూత తీసేసరికి మేనేజరు కుర్చీలోంచి లేచి దగ్గరికి వచ్చాడు. వంగి వాసన చూశాడు. మా బావ అప్పటికే చుక్క నాకి కళ్లు మూసుకున్నాడు.

మేనేజరు నన్ను చూసి, వండింది మీరేనా అని అడిగి, చెయ్యి చాపాడు.

నా బతుకులో నాకెవరూ అలా చెయ్యివ్వలేదు. నా చేతికి నూనె, పసుపు. ఆ చేత్తో ఎలా పట్టుకుంటాను? భుజం మీద తువ్వాలు లాగి గబగబా తుడుచుకున్నాను.

మా బావ కళ్లు తెరిచాడు. తువ్వాలు చూశాడు.

"ఉప్పు" అన్నాడు.

డబ్బా నేనందించలేదు. ఆయనే వంగి తీసుకున్నాడు. పెద్దవాళ్లు వచ్చిన రోజు కదా, చిటికెడు ఆయన కంటికి ఆనలేదు. గుప్పెడు తీశాడు. వద్దు బావా అని నోటి దాకా వచ్చింది. అంటే ఆయన నాలుక సంగతి అక్కడే బయటపడుతుంది. ఆ ఆలోచన వచ్చేలోపే ఉప్పు డేగిసాలో పడింది. కిందికీ పైకీ తిప్పి, జనం వైపు చూసి, తల ఊపాడు. డేగిసా లోపలికి తెచ్చి రుచి చూస్తే నాలుక తీసి పారేయాలనిపించింది. నీళ్లు పోశాను, బంగాళాదుంపలు కోసి వేశాను. అవి ఉడికేదాకా ఎవరాగుతారు? ప్లేట్లు పంపమని కేకలు.

మేనేజరు రెండు ముద్దలు తిన్నాడు. నీళ్లు తాగాడు. మళ్లీ నీళ్లు తాగాడు. మర్యాదస్తుడు, ఏమీ అనలేదు. పక్కనున్నవాడు అన్నాడు, ఉప్పు బాగా ఎక్కువైందండీ అని. మా బావ ఒక్క క్షణం ఆగాడు. తర్వాత కిటికీలోంచి నన్ను బయటికి పిలిచాడు. నా భార్యాపిల్లలు చూస్తుండగా అన్నాడు, నేను సరిచేసి పంపిన కూరలో వీడు లోపల మళ్లీ గుప్పెడు వేశాడండీ, ఏం చెయ్యను, భార్య తమ్ముడు, పోషించక తప్పదు కదా అని. ఇవాళ్టి నుంచి వంటగది దాటి బయటికి రాకు అన్నాడు. మా పెద్దమ్మాయి తల వంచుకుంది. ఆ వంచిన తల నాకు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది.

క్యాంటీను వేరేవాళ్లకు పోయింది. ఆ మధ్యాహ్నం నా బట్టలు సంచిలో పెట్టుకుని వెనక తలుపు వైపు నడిచాను. అక్కడ మా అక్క కూరగాయలు ఏరుతూ కూర్చుని ఉంది. నా చేతిలో సంచి చూసి లేచి, గడపకు అడ్డంగా నిలబడింది.

"పొరపాటు ఎవరికైనా జరుగుతుందిరా. ఆయన కోపంలో అన్నది మనసులో పెట్టుకోకు. నా మొహం చూసి ఉండిపో" అంది.

ఒక్క మాట చెబితే చాలు. ఆ గుప్పెడు వేసింది నీ మొగుడే, ఆయన నోరు చచ్చిపోయి పన్నెండేళ్లయింది అని. మా అక్క మొహం చూశాను. నన్ను పెంచిన మనిషి. మొగుడంటే ఆమెకు గర్వం. నా తప్పు నేను ఒప్పుకున్నట్టు తల దించుకుని, సంచి మేకుకు తగిలించాను. నా అక్క నన్ను చేతకానివాడని అనుకున్నా సరే, ఆమె మొగుడు ఆమెకు మిగలాలి అనుకున్నాను. అప్పటికి నా వెర్రి అలాంటిది.

బయటికి రావద్దన్నాడని పని తప్పిందా? రేపు పదకొండుకు ఆయనకు నాలుక కావాలి కదా. డేగిసా పక్కన ఒక సర్వరు నిలబడేవాడు. నేను వడ్డించే కిటికీ వెనక నిలబడి, అక్కడి నుంచి తువ్వాలు చూపించేవాణ్ణి. పంతొమ్మిదేళ్లు కిటికీలో బొమ్మలా నిలబడ్డాను. పేపరులో ఆయన ఫోటో వేశారు. మా మేనల్లుడు చదువు ముగించుకుని గల్లా మీద కూర్చున్నాడు, వాళ్ల నాన్న నాలుక గురించి వచ్చేపోయేవాళ్లకు కథలు చెప్పేవాడు. వాడికి తెలియదు, వాణ్ణి అనను. కానీ మా బావ? రానురాను ఆయనే నమ్మేశాడు. వారానికి రెండు రోజులు తగ్గించమన్నది ఆయన, తగ్గిస్తే సాయంత్రం ఇంటికి పిలిచి, ఇన్నేళ్లొచ్చినా నీకు అంచనా కుదరదేమిట్రా అని నిజంగానే విసుక్కునేవాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

కిందటేడు గుండె జబ్బుతో మంచాన పడ్డాడు. పై గదిలో, వీధి కిటికీ పక్కన మంచం. కింద పదకొండు గంటల గరిటె ఆగిపోయింది, వంట మాత్రం నాదే. రోజూ పదింటికి జావ కాచి నేనే తీసుకెళ్లి తాగించేవాణ్ణి. ఎనిమిది నెలలు అలా గడిచాయి. ఒకరోజు గిన్నె అందుకోకుండా నా వైపే చూస్తూ పడుకున్నాడు.

"ఆ ఫ్యాక్టరీవాళ్లు వచ్చిన రోజు తువ్వాలు నీ చేతిలో ఉందిరా" అన్నాడు.

"చెయ్యి తుడుచుకుంటున్నాను బావా. ఆయన చెయ్యిచ్చాడు."

"తెలుసు. నాకు తర్వాత అర్థమైంది."

"ఎంత తర్వాత?"

కింద ఎవరో బల్లలు జరుపుతున్న చప్పుడు.

"డేగిసా లోపలికి వెళ్లేలోపే" అన్నాడు.

అంటే నా పిల్లల ముందు నన్ను నిలబెట్టి ఆ మాటలన్నప్పుడు ఆయనకు అంతా తెలుసు. గిన్నె విసిరికొడదామనిపించింది. మంచంలో ఉన్నవాణ్ణి ఏం చేస్తాం? అయిందేదో అయింది బావా, ఇప్పుడైనా ఒక్క మనిషికి చెప్పు, నీ కొడుకును పిలుస్తాను, వాడికి చెప్పు అన్నాను. పిలు అన్నాడు. కళ్లు తుడుచుకుని మరీ అన్నాడు. నేను మెట్ల దగ్గరికి పరుగెత్తి మేనల్లుణ్ణి కేకేశాను. పంతొమ్మిది ఏళ్ల బరువు దిగుతున్నట్టు కాళ్లు తేలిపోయాయి నాకు.

వాడు వచ్చేలోపు చెంచాడు జావ తాగించాను. సగం గడ్డం మీదికి కారింది. భుజం మీద తువ్వాలు తీసి తుడుస్తున్నాను. మేనల్లుడు గుమ్మంలోకి వచ్చి, పిలిచావట ఏంటి నాన్నా అన్నాడు.

మా బావ వాణ్ణి చూశాడు. తర్వాత నా చెయ్యి చూశాడు.

"ఉప్పు తక్కువైందిరా" అన్నాడు.

మేనల్లుడు గుమ్మం పట్టుకుని ఏడ్చేశాడు. ఈ స్థితిలో కూడా ఆ నాలుక చూడండి అని. తర్వాత నా వైపు తిరిగి, "మావయ్యా, కనీసం ఈ జావలోనైనా సరిగ్గా వెయ్యలేవా" అన్నాడు. కిందికి వెళ్లి చిటికెడు ఉప్పు తెచ్చి కలిపాను. ఆ తర్వాత మా బావ నాతో ఆ సంగతి ఎత్తలేదు. నాలుగు రోజులకు పోయాడు. అలవాటు కొద్దీ అన్నాడా, కొడుకును చూసి భయపడి అన్నాడా? ఒకరోజు అలవాటే అనుకుంటాను, ఇంకోరోజు ఛీ, కావాలనే అన్నాడనుకుంటాను.

ఇక సభ సంగతి. రిటైరైన హెడ్మాస్టరు మాట్లాడాడు, ఇనప సామాన్ల కొట్టు ఆయన మాట్లాడాడు. మేనల్లుడు లేచి జావ కథ చెప్పాడు. హాలంతా కళ్లు తుడుచుకుంది. చివరికి, నాన్నతో ఎక్కువ ఏళ్లు గడిపింది మావయ్యే, నాలుగు మాటలు చెబుతాడు అని నన్ను ముందుకు పిలిచాడు. రాత్రంతా అనుకుని వచ్చిన మాటలే చెప్పాను.

"మా బావకు ముప్పై ఒక్క ఏళ్లుగా ఏ రుచీ తెలియదు. నేను తువ్వాలు తీస్తే ఉప్పు అడిగేవాడు. నేను ఉప్పు తగ్గించింది ఆయన తగ్గించమంటేనే. ఈ హోటల్లో మీరు తిన్న ప్రతి ముద్ద నా నాలుక చూసి పంపిందే."

ఇనప కొట్టు ఆయనే మొదట నవ్వాడు. పోయాక కూడా బావను వదలవా చప్పిడీ అన్నాడు. అంతే, హాలు హాలంతా ఘొల్లుమంది. నిజమండీ, ఒట్టు అన్నాను. ఇంకా నవ్వారు. ఎవరో చప్పట్లు కొట్టారు. ముందు వరసలో మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. మేనల్లుడు వచ్చి నన్ను కౌగిలించుకుని, అందరూ ఏడుస్తుంటే నవ్వించావు మావయ్యా, నాన్న ఉంటే ఎంత మురిసేవాడో అన్నాడు. బావమరిది బావ మీద వేసిన ఆఖరి జోకు. వెళ్లి నా కుర్చీలో కూర్చున్నాను. ఇంక ఎవరికి చెప్పాలి?

సభ అయ్యాక భోజనాలు పెట్టారు. నేను వంటగదిలోకి వెళ్లి కిటికీ వెనక నా స్టూలు మీద కూర్చున్నాను. మా అక్క ప్లేటులో అన్నం, కూర పెట్టి తెచ్చి బండ మీద ఉంచింది. ఆవేళ వంట అక్కదే. హాలులో అందరూ నవ్వుతున్నప్పుడు ఆమె నవ్వలేదని నేను గమనించాను. ఉక్కగా ఉంది, మొహమంతా చెమట. భుజం మీద తువ్వాలు తీసి తుడుచుకున్నాను.

"ఏం, ఉప్పు తక్కువైందా?" అంది అక్క.

నేనింకా ముద్ద నోట్లో పెట్టలేదు.

తువ్వాలు పట్టుకుని అలాగే ఉండిపోయాను. అక్క కూడా తన నోట్లోంచి ఏం జారిందో తెలిసి, పక్కనున్న గిన్నె సర్దసాగింది. నీకెవరు చెప్పారు, బావే చెప్పాడా అని అడిగాను. ఎవరూ చెప్పలేదంది. జ్వరం తగ్గిన వారానికే తెలిసిందట. ఒకరోజు ఇంట్లో కూరలో ఉప్పు వెయ్యడం మర్చిపోతే, బాగుందని రెండోసారి వేయించుకుని తిన్నాడట. తర్వాత పదకొండు గంటలప్పుడు నన్నూ ఆయన్నీ కనిపెట్టి చూసిందట.

"మరి ఫ్యాక్టరీవాళ్లు వచ్చిన రోజు?"

"ఈ కిటికీలోంచే చూశాను. గుప్పెడు వేసింది ఆయనే."

"తెలిసే వెనక తలుపు దగ్గర నాతో అలా అన్నావా? నాదే పొరపాటన్నట్టు?"

అక్క గిన్నె కింద పెట్టింది. కోపం లేదు, సిగ్గు లేదు, కూరగాయల ధర చెప్పినంత మామూలుగా చెప్పింది.

"ఏం చెయ్యమంటావురా? ఆయనది తప్పంటే హోటలే పోయేది. నీదంటే నీ పేరే కదా పోయేది. నువ్వు నా తమ్ముడివి, ఓర్చుకుంటావులే అనుకున్నాను. తిను, చల్లారిపోతోంది."

తిన్నాను. ఎందుకు తిన్నానో తెలియదు, ఆకలేసి తిన్నాను. కూరలో ఉప్పు సరిగ్గానే ఉంది. చెయ్యి కడుక్కుని, తువ్వాలు మేకుకు తగిలించి, వెనక తలుపులోంచి ఇంటికి వచ్చేశాను.

మర్నాడు పదకొండుకు వెళ్లలేదు. ఎవరైనా పిలవడానికి వస్తారని గుమ్మంలోనే కూర్చున్నాను. ఎవరూ రాలేదు. పదకొండుంబావుకు మేనల్లుడు ఫోను చేశాడు. వెనక జనం గోల వినిపిస్తోంది. అక్క వండి పెట్టిన డేగిసా ముందు నిలబడి ఉన్నాడట, గరిటె చేతిలోనే ఉందట.

"మావయ్యా, ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టావు?" అన్నాడు.

పొయ్యి పక్కన రెండో అరలో ఉందని చెప్పాను.